కొసరు లేని చవక

డాలస్ శివారులో మా అమ్మాయి వాళ్లింట్లో ఉండగా షేవింగ్ బ్లేడ్లు అయిపోయాయి. నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఒక పెద్ద డిస్కౌంట్ స్టోర్ ఉంది. కారు అడగకుండా వెళ్లొచ్చే చోటు ఉండటమే అమెరికాలో అదృష్టం కదా అని బయల్దేరాను. బ్లేడ్లను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. పక్కనున్న మీట నొక్కితే మనిషి వస్తాడని రాసి ఉంది. నొక్కాను, కాసేపాగి మళ్లీ నొక్కాను. పైన మైకులో ఏదో వినిపించింది తప్ప ఎవరూ రాలేదు. పావుగంట దాటాక తాళాల గుత్తితో ఒకమ్మాయి పరుగున వచ్చి క్షమించమంది. ఆ పూట నాలుగు విభాగాలకు తనొక్కతేనట. బిల్లు కట్టబోతే పన్నెండు కౌంటర్లలో ఒక్కదాని ముందే మనిషి ఉంది. ఇంటికొచ్చి చెబితే మా అల్లుడు నవ్వాడు. ‘అక్కడికెందుకు వెళ్లారు మావయ్యగారూ, మేం మానేసి రెండేళ్లయింది’ అన్నాడు.

ఆ ‘మానేశాం’ అన్న మాట దగ్గర నా ఆలోచన ఆగింది. అతను ఎవరితోనూ గొడవ పడలేదు, మేనేజర్‌కి చెప్పలేదు. మానేశాడంతే. ఒక కుటుంబం పోయిన సంగతి ఆ స్టోర్‌కి తెలియను కూడా తెలియదు. మా ఊళ్లో పదిహేను రోజులు కొట్టు ముఖం చూడకపోతే కిరాణా కొట్టాయన వీధిలోనే ఆపి అడిగేవాడు: ‘ఏవండీ, ఈ మధ్య రావడం లేదు, మావల్ల ఏమన్నా పొరపాటు జరిగిందా?’ అందులో ప్రేమ ఎంతో, పద్దు పుస్తకంలో మిగిలిన బాకీ మీద బెంగ ఎంతో చెప్పలేను గాని, అడిగేవాడు.

అరకిలో వంకాయల మీద రెండు కరివేపాకు రెబ్బలు వేస్తే దాన్ని కొసరు అంటాం. సరుకు చూపించడం, ఏది బాగుందో చెప్పడం, పాడైంది తెస్తే మారు మాట్లాడకుండా మార్చివ్వడం కూడా కొసరు కిందే లెక్క. ‘కొసరు ఉండదు, ఆ మేరకు ధర తగ్గిస్తాం’ అన్నది డిస్కౌంట్ దుకాణం పెట్టిన బేరం. పైకి న్యాయంగానే ఉంది. చిక్కల్లా ఆ పని మాయమైపోకపోవడంలోనే ఉంది. అది మన మీదికి వచ్చింది.

ఇది ఇవాళ మొదలైంది కాదు. 1916లో టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ అనే దుకాణం తెరిచేదాకా అమెరికాలోనూ కొనేవాడు చీటీ ఇస్తే గుమస్తా సరుకు తెచ్చి ఇచ్చేవాడు. సాండర్స్ బుట్ట మన చేతికిచ్చి అరల మధ్యకు తోలాడు. గుమస్తా చేసే పనిలో సగం ఆ రోజే మనకు అంటింది. జనం సంతోషంగానే ఒప్పుకున్నారు, ఎందుకంటే ధర నిజంగానే తగ్గింది, పైగా నచ్చింది చేత్తో పట్టుకుని చూసే స్వేచ్ఛ దొరికింది. 1962లో మిషిగన్ రాష్ట్రంలో కేమార్ట్, మిన్నెసోటాలో టార్గెట్, ఆర్కన్సాలోని రోజర్స్ అనే చిన్న పట్నంలో వాల్‌మార్ట్ ఒకే ఏడాది పుట్టాయి. చవక కొట్ల యుగానికి అదే మొదలు.

వాల్‌మార్ట్ పెట్టిన శామ్ వాల్టన్ పైసా పైసా చూసుకునే మనిషి. అయినా పది అడుగుల దూరంలోకి వచ్చిన ప్రతి కొనుగోలుదారుని కళ్లలోకి చూసి పలకరించాలని సిబ్బంది చేత ప్రమాణం చేయించేవాడు. ‘పది అడుగుల నియమం’ అని దానికి పేరు. గుమ్మం దగ్గర నిలబడి రండి రండి అనే పెద్దమనిషిని పెట్టడం కూడా ఆయన హయాంలోనే, 1980లో లూసియానాలోని క్రౌలీ స్టోర్‌లో మొదలైంది. ఆ పలకరింపు వల్ల దొంగతనాలు తగ్గాయన్నది వేరే లాభం. అంటే చవక కొట్ల కులపెద్ద దృష్టిలోనే పలకరింపు దండగ ఖర్చు కాదు.

మరి ఎక్కడ తేడా కొట్టింది? ఈ వ్యాపారంలో సరుకు ధర సరఫరాదారుతో ముడిపడి ఉంటుంది, అద్దె ఒప్పందంతో ముడిపడి ఉంటుంది. వారం వారం కోయడానికి మేనేజర్ చేతిలో మిగిలేది మనుషుల పని గంటలే. అమ్మకాలు కాస్త తగ్గితే గంటలు కోస్తారు. గంటలు కోస్తే సరుకు వెనక గోదాంలో ఉండి కూడా అరలోకి రాదు. అర ఖాళీగా కనిపిస్తే అమ్మకం ఇంకా తగ్గుతుంది. మళ్లీ గంటలు కోస్తారు. 2013 నాటికి వాల్‌మార్ట్ ఈ సుడిలోనే ఉంది. అప్పటికి వెనకటి అయిదేళ్లలో అమెరికాలో 450కి పైగా కొత్త స్టోర్లు తెరిచి, ఉద్యోగులను మాత్రం 20 వేల దాకా తగ్గించుకుందని బ్లూంబర్గ్ వార్తాసంస్థ లెక్క తీసింది. కొట్లు పెరిగి మనుషులు తగ్గితే ఏమవుతుందో చెప్పడానికి అర్థశాస్త్రం అక్కర్లేదు. వినియోగదారుల సంతృప్తి సూచీలో ఆ కంపెనీ చాలా ఏళ్లు అట్టడుగున కూర్చుంది.

2015 తొలినాళ్లలో కంపెనీ తన గజంతో తానే కొలుచుకుంటే, సేవ విషయంలో పెట్టుకున్న లక్ష్యాన్ని అందుకున్న స్టోర్లు నూటికి 16 మాత్రమే అని తేలింది. ఆ ఏడాదే కనీస వేతనం గంటకు 9 డాలర్లకు, మరుసటి ఏడాది 10 డాలర్లకు పెంచారు, శిక్షణ మొదలుపెట్టారు. వార్త విన్న షేర్ మార్కెట్ ముఖం చిట్లించింది. కానీ 2016 నాటికి లక్ష్యం అందుకున్న స్టోర్లు నూటికి 75 అయ్యాయి, అమ్మకాలూ పెరిగాయి. ఉద్యోగులు అవే ఊళ్ల వాళ్లు, కొట్లు అవే కొట్లు. ‘ఈ తరం పిల్లలకు పని మీద శ్రద్ధ లేదు’ అని కౌంటర్ ముందు సణిగే పెద్దలకు (నేనూ సణిగాను) ఈ రెండు అంకెలు చాలు.

ఉల్టా దారిలో వెళ్లిన కథ కూడా ఉంది. సర్క్యూట్ సిటీ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ 2007 మార్చిలో 3,400 మంది సేల్స్ ఉద్యోగులను ఒక్కసారిగా తీసేసింది. వాళ్లు చేసిన తప్పు, జీతం ఎక్కువ తీసుకోవడం. అంటే అనుభవం ఉండటం. వాళ్ల స్థానంలో తక్కువ జీతానికి కొత్తవాళ్లను పెట్టుకుంది. టీవీ కొనడానికి వెళ్లినవాడికి రెండు రకాల టీవీల మధ్య తేడా చెప్పే మనిషి కరువయ్యాడు. 2008 నవంబర్‌లో దివాలా పిటిషన్ వేసి, 2009 మార్చికి ఆఖరి దుకాణం కూడా మూసేసింది. ఆర్థిక మాంద్యం కూడా దెబ్బ కొట్టిన మాట నిజమే. కానీ అదే మాంద్యంలో పోటీదారు బెస్ట్ బై నిలబడింది.

చవక కావాలంటే ఆ మాత్రం ఓర్చుకోవాలనే వాళ్లకు అమెరికా తెలుగువాళ్లే జవాబు చెబుతారు, కాస్ట్‌కో పేరుతో. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను నయాగరా కన్నా ముందు అక్కడికే తీసుకెళ్తారు. చూడటానికి అందంగా ఏమీ ఉండదు. సిమెంటు నేల, ఇనుప అరలు, అట్టపెట్టెల్లోనే సరుకు. హాట్‌డాగ్, సోడా కలిపి 1985 నుంచి ఇప్పటికీ డాలరున్నరే. సరుకు మీద వేసుకునే మొత్తం 14, 15 శాతం దాటనివ్వకూడదని వాళ్లు పెట్టుకున్న హద్దు. ఇంత చవక కొట్టులో ఉద్యోగులకు మాత్రం రంగంలోకెల్లా మంచి జీతాలు. 2025లో పై శ్రేణి ఉద్యోగుల వేతనం గంటకు 30 డాలర్లు దాటింది. ఏడాది నిలబడ్డ ఉద్యోగుల్లో మానేసేవాళ్లు ఏటా నూటికి పది మంది కూడా ఉండరు. పాడైన వస్తువు తిరిగిస్తే సంజాయిషీ అడగరు.

ఇది ధర్మసత్రం కాబట్టి సాగుతోందనుకుంటే పొరపాటు. వాల్‌మార్ట్ సూపర్‌సెంటర్‌లో లక్షకు పైగా రకాలుంటే ఇక్కడ ఉండేవి నాలుగు వేలే. పది రకాల టూత్‌పేస్టులు సర్దే పని లేనప్పుడు ఒక మనిషి చేసే పని విలువ పెరుగుతుంది, ఆ మేరకు జీతం ఇవ్వగలరు. ఎంఐటీ ఆచార్యురాలు జేనెప్ టాన్ 2014లో రాసిన పుస్తకంలో ఈ లెక్కనే విప్పి చెప్పారు: తక్కువ రకాలు పెట్టుకో, ఒక్కొక్కరికి నాలుగు పనులు నేర్పు, అవసరానికి మించి ఒకరిద్దరు మనుషులను ఎప్పుడూ ఉంచుకో. ఈ మూడో మాట మన కిరాణా కొట్టువాళ్లకు బడికి వెళ్లకుండానే తెలుసు. పండగ ముందు బావమరిదిని కూర్చోబెట్టుకునేది అందుకే.

ఇప్పుడు సెల్ఫ్ చెకౌట్ యంత్రాల సంగతి. సాండర్స్ మన చేతికి బుట్ట ఇస్తే, వీళ్లు గల్లాపెట్టె కూడా ఇచ్చారు. కొత్తిమీర కోడ్ నంబరు మనమే వెతుక్కోవాలి, సంచిలో మనమే సర్దుకోవాలి, యంత్రం అలిగితే మనిషి కోసం మనమే చెయ్యెత్తాలి. ధర తగ్గిందా అంటే లేదు. వీసా మీద ఉన్నవాళ్లకు ఇందులో ఇంకో భయం కూడా ఉంది. దొంగతనం లాంటి నేరం చేస్తే వీసా రద్దు కావచ్చని 2025 జులైలో భారత్‌లోని అమెరికా రాయబార కార్యాలయం బహిరంగంగానే హెచ్చరించింది. దొంగను హెచ్చరిస్తే తప్పులేదు. కానీ ఏడుస్తున్న పిల్లను చంకనేసుకుని ముప్పై వస్తువులు స్కాన్ చేసే తల్లి ఒకటి మరిచిపోతే? గుమస్తా పొరపాటు చేస్తే అది పొరపాటే. అదే పొరపాటు మనం చేస్తే కెమెరా ముందు సంజాయిషీ చెప్పుకోవాలి. జీతం లేకుండా గుమస్తా పని చేయించుకుని, అనుమానాన్ని కూడా మనకే అంటగట్టే పద్ధతి ఇది. టార్గెట్ 2024 మార్చి నుంచి చాలా స్టోర్లలో ఈ యంత్రాలను పది వస్తువుల లోపు బిల్లులకే పరిమితం చేసింది. డాలర్ జనరల్ అనే చవక కొట్ల సంస్థ అదే ఏడాది వేల స్టోర్లలో తీసే పారేసింది. రెండింట్లో మొదటిది రద్దీకి మందు, రెండోది సరుకు నష్టానికి.

తాళాలదీ అదే దారి. దొంగతనాలు పెరిగాయని చెప్పి సబ్బుల నుంచి బ్లేడ్ల దాకా బంధించారు. ఆ గగ్గోలు కాస్త ఎక్కువే చేశామేమో అని 2023 జనవరిలో మందుల దుకాణాల సంస్థ వాల్‌గ్రీన్స్ ఆర్థికాధికారే ఒప్పుకున్నారు. నష్టంలో దాదాపు సగం దొంగల ముఠాల పనే అన్న అంకెను చిల్లర వ్యాపారుల జాతీయ సమాఖ్య అదే ఏడాది డిసెంబర్‌లో వెనక్కి తీసుకుంది. తాళం వేస్తే అమ్మకాలు తగ్గుతాయని 2025 జనవరిలో వాల్‌గ్రీన్స్ సీఈఓ చెప్పారు. దొంగతనాలే లేవని నేననను. కాకపోతే దొంగకైనా దొరకైనా మందు ఒకటే, అరల మధ్య తిరిగే మనిషి. వాల్టన్ గుమ్మంలో మనిషిని నిలబెట్టిన కాలానికే తెలిసిన విషయమిది.

ఇంత తెలిసీ ఈ తీరు ఎందుకు మారదు? ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో రాసిన ఒక చిన్న పుస్తకంలో దీనికి జవాబు దొరుకుతుంది. నైజీరియా రైల్వే అధ్వానంగా నడుస్తోంది, లారీలు పోటీకి వచ్చాయి, అయినా రైల్వే బాగుపడలేదు. ఎందుకని చూస్తే, గట్టిగా అడగగలిగిన పెద్ద వ్యాపారులంతా అడగడం మానేసి లారీల్లోకి మారిపోయారు. రైలుకు మిగిలింది నోరు లేనివాళ్లు. పోటీ ఉంటే సేవ దానంతటదే బాగుపడుతుందని నమ్మేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

అమెరికాలో ఆ మిగిలినవాళ్లను చూడాలంటే డాలర్ జనరల్‌కి వెళ్లాలి. 20 వేలకు పైగా స్టోర్లు, అందులో 80 శాతం దాకా 20 వేల జనాభా లోపు ఊళ్లలోనే. చాలాచోట్ల మరో కిరాణా కొట్టే ఉండదు. ఒక్కోసారి ఇద్దరు ముగ్గురే దుకాణం మొత్తం నడుపుతారు. లారీలో దిగిన సరుకు సర్దే దిక్కులేక నడవల్లోనే పేరుకుంటుంది. అత్యవసర ద్వారాలకు అడ్డంగా సరుకు పెట్టడం వంటి భద్రతా లోపాల కేసుల్లో 2024 జులైలో ఆ కంపెనీ కార్మిక శాఖకు 1.2 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అంతకు అయిదు నెలల ముందు ఫ్యామిలీ డాలర్ అనే మరో చవక కొట్ల సంస్థ నేరం ఒప్పుకుని 4 కోట్ల డాలర్లకు పైగా జరిమానాకు తలొగ్గింది. ఎలుకలు కాపురమున్న గోదాం నుంచి ఆరు రాష్ట్రాల స్టోర్లకు తిండి సరుకులు పంపిన కేసది. మా అల్లుడిలా ‘మానేశాం’ అనే సౌకర్యం ఆ స్టోర్లలో కొన్నవాళ్లలో ఎందరికి ఉంది? కాస్ట్‌కోకి మారాలన్నా ఏడాదికి 65 డాలర్ల సభ్యత్వం, కారు, నెల సరుకు ఒక్కసారే కొనే డబ్బు, దాచుకునే ఫ్రిజ్ కావాలి.

నా వాదనకు అడ్డొచ్చే లెక్క కూడా ఒకటుంది, దాచను. డబ్బున్నవాళ్లు ఈ మధ్య వాల్‌మార్ట్‌కి తిరిగి వస్తున్నారు. ఏడాది ఆదాయం లక్ష డాలర్లు దాటిన కుటుంబాల నుంచే తన మార్కెట్ వాటా పెరుగుదలలో 75 శాతం వచ్చిందని 2024 నవంబర్‌లో కంపెనీ చెప్పింది. దానికి ధరల మంట ఒక కారణం. రెండోది, ఫోన్‌లో ఆర్డరు పెడితే కారు దగ్గరికే సంచులు తెచ్చిచ్చే ఏర్పాటు. వెనకటి గుమస్తా మళ్లీ వచ్చాడన్నమాట, చీటీ బదులు యాప్ చూసుకుంటూ. యాప్ వాడలేనివాళ్లు మాత్రం లోపల, ఆ ఒక్క కౌంటర్ ముందు, వరసలో ఉన్నారు.

కాబట్టి అక్కడున్న మనవాళ్లకు నా మనవి ఒకటే. మానేయడం మీ హక్కు, మానేయండి. మానేసే ముందు ఒక్క ముక్క చెప్పి మానేయండి. పెద్ద స్టోర్ల రశీదు అడుగున అభిప్రాయం చెప్పమని అడిగే చీటీ తరచూ ఉంటుంది, చాలామంది చూడకుండానే చింపేస్తారు. దాంట్లో రెండు వాక్యాలు రాయండి. తాళాల గుత్తితో పరుగెత్తుకొచ్చిన అమ్మాయి ఆలస్యం చేసిందని మాత్రం రాయకండి. పక్కన ఖాళీగా ఉన్న పదకొండు కౌంటర్ల గురించి రాయండి.