ఖాళీ జాగా ఎవరిది?

ఒక మీట నొక్కితే రాజ్యాలు తలో రంగులో మెరుస్తాయి. ఇంకోటి నొక్కితే రాజ్యాలు పోయి మతాలు వస్తాయి. మరోటి నొక్కితే కొండలు, అడవులు, ఎడారులు! భూగోళం పాఠమంటే ఆమడ దూరం పరిగెత్తే పిల్లలు కూడా ఈ పటాల ముందు గంటలకు గంటలు కూర్చుంటారు. ఆ కంప్యూటర్ ఆట పేరు 'యూరోపా యూనివర్సాలిస్'.

తయారుచేసింది స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ. మొదటి భాగం 2000లో వచ్చింది. బాగా పేరు తెచ్చింది మాత్రం 2013 నాటి నాలుగో భాగం. అందులో కథ 1444 నవంబరు 11న మొదలై 1821 దాకా సాగుతుంది. విజయనగరమో, బహమనీ రాజ్యమో, పోర్చుగలో... నచ్చినదాన్ని ఎంచుకుని ఏలుకోవచ్చు.

ఇందులో అసలు రుచి వలసలది. అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాల్లో చాలాచోట్ల పటం మీద ఏ రాజ్యం రంగూ ఉండదు. అక్కడికి ఓ బృందాన్ని పంపాలి. జనం వెయ్యికి చేరితే అది పూర్తిస్థాయి ఊరు. ఒకే ప్రాంతంలో అలాంటివి ఐదు కుదిరితే ఏకంగా ఓ వలస దేశమే పుట్టి, రాబడిలో వాటా పంపుతుంది!

మరి రంగు లేని చోట మనుషులు లేరా? ఉన్నారు. ఆ జాగా మీద నొక్కితే స్థానికులు ఎంతమందో, ఎంతగా ఎదురు తిరుగుతారో అంకెలు కనిపిస్తాయి. వాళ్లతో కలిసి బతకడమా, వ్యాపారం చేయడమా, అణచివేయడమా అన్నది ఆటగాడి ఇష్టం. సైన్యాన్ని పంపి తుడిచిపెట్టినా అడిగేవారు లేరు. రాజ్యాల పటంలో మాత్రం అది ఉత్త పోరంబోకు.

ఇది ఆట కోసం పుట్టిన ఊహ కాదు. 1770లో కెప్టెన్ కుక్ ఆస్ట్రేలియా తూర్పు తీరాన్ని బ్రిటన్ రాజు పేర రాసేశాడు. వేల ఏళ్లుగా అక్కడ బతుకుతున్నవాళ్లను అడిగిందెవరు? 'ఎవరికీ చెందని నేల' అన్న వాదన రెండు శతాబ్దాలు చెల్లింది. ముర్రే దీవికి చెందిన ఎడ్డీ మాబో, మరికొందరు 1982లో కోర్టుకెక్కారు. 1992 జూన్ 3న ఆస్ట్రేలియా హైకోర్టు ఆ వాదనను కొట్టేసింది. ఆ తీర్పు వినడానికి మాబో లేడు. అదే ఏడాది జనవరిలో కన్నుమూశాడు.

వ్యాపార పటం సంగతీ ఇంతే. అందులో కోరమాండల్ తీరం ఉంది. కానీ ఏ దారి పట్టుకుని పోయినా బాణాలు చివరికి చేరేది వెనిస్, జెనోవా, ఇంగ్లిష్ చానెల్‌లకే. సంపదను మధ్యలో ఆపుకోవచ్చుగానీ బాణాన్ని వెనక్కి తిప్పడం కుదరదు. మన తీరపు నూలు బట్టలు తూర్పున మలక్కా దాకా పోయిన చరిత్రకు ఆ బాణాల్లో చోటు లేదు. ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో కొట్టు తెరిచింది 1611లో. బాణాలు మాత్రం 1444 నుంచే అటు తిరిగి ఉంటాయి!

తర్వాత కొంత మార్పు వచ్చింది. 2025 నవంబరులో విడుదలైన ఐదో భాగంలో ఏ చోట ఏ భాషా సంస్కృతులవాళ్లు ఎందరున్నారో లెక్కగట్టి చూపిస్తున్నారు.

పిల్లల్ని ఈ ఆట ఆడొద్దనక్కర్లేదు. రాజధానులు, రేవులు, నదుల పేర్లు తెలియకుండానే నోటికొస్తాయి. కాకపోతే పెద్దవాళ్లు ఎప్పుడైనా పక్కన కూర్చుని ఒక్క మాట అడగాలి. 'రంగు లేని ఈ చోట అప్పటికే ఎవరుండేవారు?' జవాబు కోసం వాళ్లు పుస్తకం తెరిస్తే అంతకన్నా ఏం కావాలి!