ఏ షార్ట్? ఏ 1937?

కనిగిరి, పొదిలి, దర్శి నీళ్ల మీద వచ్చిన పరిశోధన పత్రాలు తిరగేస్తే మొదటి పేరాలో తరచూ ఒకటే వాక్యం కనబడుతుంది. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను 1937లో, నెల్లూరు జిల్లాలో గుర్తించారని. పక్కనే బ్రాకెట్లో ‘షార్ట్ తదితరులు, 1937’. అంతటితో చేతులు దులుపుకుంటారు. గైడు అడగడు, రివ్యూయరు అడగడు. కాబట్టి ఈ వారం నేను అడుగుతాను: ఏ షార్ట్? ఏ 1937?

ఎందుకంటే ఆ ఏడాది హెచ్.ఇ. షార్ట్ మొదటి రచయితగా ఈ జబ్బు మీద రెండు పత్రాలు వచ్చాయి. ఒకటి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో, 72వ సంపుటం, 396 నుంచి 398 వరకు, అంతా మూడు పేజీలు. సహరచయితలు సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి. శీర్షికలోనే నెల్లూరు జిల్లా ఉంది. రెండోది ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో, 25వ సంపుటం, 553 నుంచి 568 వరకు. ఇందులో సహరచయితలు మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్. శీర్షికలో ఉన్నది మద్రాసు ప్రెసిడెన్సీ. పేరూ సంవత్సరమూ రాసే పద్ధతిలో రెండూ ‘షార్ట్ తదితరులు, 1937’ అనే తేలతాయి. అందుకే 1937ఎ, 1937బి అని విడదీయమనో, రెండో రచయిత పేరు కూడా రాయమనో జర్నళ్లు నియమం పెట్టాయి. అది చాదస్తం కాదు. ఆ ఒక్క అక్షరం లేకపోతే మన ఊళ్ల సంగతి చెప్పిన పత్రం ఏదో, మొత్తం ప్రెసిడెన్సీని చూసిన పత్రం ఏదో పాఠకుడికి తెలిసే దారి లేదు. షార్ట్ పేరు ఇంగ్లీషులో రాసేటప్పుడు చివర రెండు టీలు ఉండాలి. ఒకటి రాలిపోయిన జాబితాలకు లెక్కలేదు. ఆ రాలిన అక్షరంతో వెతికితే అసలు పత్రం దొరకడం కష్టం.

ఇంకో చిక్కు మన జిల్లాలది. ఆ రోజుల్లో కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లావి. మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలువి. 1970లో ఇవన్నీ కొత్త ఒంగోలు జిల్లాలో కలిపారు, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఈనాటి విద్యార్థి ‘ప్రకాశం’ అని టైపు చేస్తే 1937 నాటి పత్రం ఎలా దొరుకుతుంది? దొరికినవాళ్లలో కొందరికి మరో బుద్ధి పుడుతుంది, శీర్షికలో నెల్లూరు తీసేసి ప్రకాశం పెడదామని. పెట్టకూడదు. శీర్షిక అచ్చయింది అచ్చయినట్టే ఉండాలి. ఇప్పుడది ఏ జిల్లాలో ఉందో వ్యాసంలో ఒక వాక్యంలో చెప్పుకోవాలి.

పలకల రాయి మీద పరిశోధన చేసేవాళ్లదీ ఇదే అవస్థ. మార్కాపురం పలక కంభం పేరు పెట్టుకున్న శిలాశ్రేణిలోది. ఆ కడప, కర్నూలు శిలల మీద విలియం కింగ్ 1872లో జియలాజికల్ సర్వే మెమాయిర్స్ 8వ సంపుటంలో రాశాడు. ఆయన శీర్షికలోని కడపనూ కర్నూలునూ తర్వాతివాళ్లు తలా ఒక స్పెల్లింగుతో దించుకున్నారు. ఎవరూ పుస్తకం తెరవకుండా ఒకరి జాబితాలోంచి ఇంకొకరు ఎత్తి రాసుకుంటే జరిగేది ఇదే.

మన పేర్ల గొడవ వేరే ఉంది. చివరి మాటే ఇంటిపేరు అని పడమటి దేశాల పద్ధతి. మనకు ఇంటిపేరు ముందు. కల్యంపూడి రాధాకృష్ణారావు గణాంకశాస్త్రాన్ని మలుపు తిప్పిన 1945 నాటి పత్రం లోకానికి ‘రావు సి.ఆర్.’దే. యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రాస్తే, జాబితాల్లో యల్లాప్రగడ ఒక్క ఇంగ్లీషు అక్షరంగా మిగిలింది. వాళ్లంటే మహామహులు, పొడి అక్షరాలతోనైనా దొరుకుతారు. గిద్దలూరు నుంచి పరిశోధనకు వెళ్లిన ఓ రెడ్డిగారి అమ్మాయి ‘రెడ్డి వి.’ అయిందంటే, వేల మంది రెడ్డి వి.లలో ఎవరనుకోవాలి? 2012లో మొదలైన ఆర్కిడ్ అనే 16 అంకెల ఐడీ ఇందుకే. ఉచితంగా ఇస్తారు. మొదటి పత్రం పంపేలోపే తీసుకుని, పేరు ఒకే రూపంలో రాయడం అలవాటు చేసుకోవాలి.

ఇక కామాలు, ఇటాలిక్కులు, సంపుటం అంకె బోల్డులో ఉండాలా వద్దా అనే తంటా. వైద్యం జర్నళ్లకు వాంకూవర్ పద్ధతి, అందులో వరస నంబర్లు. మరికొన్నిటికి పేరూ సంవత్సరమూ. ఒక జర్నల్ తిప్పి పంపితే ఇంకో జర్నల్‌కు జాబితా మొత్తం మళ్లీ రాయాలి. ఇది గుమాస్తా పని అని విసుక్కునే స్కాలర్లతో నాకు పేచీ లేదు. జొటెరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పని క్షణాల్లో చేస్తుంది. మొదటి విడతలో ఏ పద్ధతైనా సరేననే జర్నళ్లూ ఉన్నాయి. కామాలు యంత్రానికి వదిలేయండి. కానీ ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ పేజీలో అన్నది యంత్రం పూచీ కాదు. దానికి తప్పు మేపితే ఆ తప్పునే చక్కగా ముస్తాబు చేసి పెడుతుంది.

ముస్తాబుకు మోసపోయిన ఉదంతం ఒకటి చెప్పాలి. ఎల్సెవియర్ సంస్థ జాబితా ఎలా రాయాలో చూపడానికి ఒక నమూనా ఇచ్చింది: వాన్ డర్ గీర్ తదితరులు, 2000, శాస్త్ర వ్యాసం రాసే కళ గురించి. అలాంటి వ్యాసం లోకంలో లేదు. అయినా దాదాపు 400 పత్రాలు దాన్ని ఉదహరించాయని ఆన్‌విల్ హార్జింగ్ అనే ప్రొఫెసర్ 2017లో బయటపెట్టారు. అప్పటికింకా చాట్‌జీపీటీ రాలేదు. ఇప్పుడు అడిగిందే తడవుగా పేరు, సంపుటం, పేజీలు అన్నీ పెట్టి, లేని పత్రాన్ని ఉన్నట్టు అల్లి ఇస్తోంది.

మన విశ్వవిద్యాలయాల్లో దీన్ని పట్టుకునే జల్లెడ లేదు. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటకూడదని స్కాలర్లు నిద్ర మానుకుని వాక్యాలు మారుస్తారు. ఆ లెక్కలోంచి రిఫరెన్సుల జాబితాను మినహాయించారు. మినహాయింపు సబబే, జాబితాలు ఒకేలా ఉండక తప్పదు. కానీ దాంతో థీసిస్‌లో ఎవరి కన్నూ పడని భాగం అదే అయింది.

ఇందుకు కోట్లు ఖర్చుపెట్టే పథకాలేమీ అక్కర్లేదు. పాత మెడికల్ గెజిట్ సంచికలు పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచితంగా ఉన్నాయి. ఆ మూడు పేజీలు మార్కాపురం బస్టాండులో కూచుని ఫోన్‌లో చదవొచ్చు. గారపళ్లు, వంగిన నడుములు ఇంట్లో చూస్తూ పెరిగిన పిల్లలు మన నీళ్ల మీద మొదటి సాక్ష్యాన్ని తామే చదవకుండా, ఇంకొకరు చదివారని నమ్మి రాయడం ఏం న్యాయం? వైవాలో పరీక్షకులు ఒక పని చేయాలి. జాబితాలో చేతికందిన ఒక నంబరు మీద వేలు పెట్టి, ‘ఇది తెరిచి చూపించమ్మా’ అనాలి. తెరిస్తే తర్వాతి ప్రశ్న. తెరవలేకపోతే ఆ నంబరు కొట్టేసి, దాని మీద నిలబడ్డ వాక్యాన్నీ కొట్టేయాలి.

– గుండ్లకమ్మ