పేరు గడి ఖాళీ

స్థానిక సంస్థల సేవలు నాసిగా ఉన్నాయంటే మనం సాధారణంగా సిబ్బంది కొరతనో లంచగొండితనాన్నో నిందిస్తాం. ఆ రెండూ ఉన్నమాట నిజమే. అయితే ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన నాకు కనిపించిన జబ్బు మరొకటి: ఒక శాఖకు తెలిసిన సంగతి పక్క శాఖకు చేరదు. జనన ధ్రువపత్రాన్నే చూడండి.

1969 నాటి చట్టం ప్రకారం పుట్టుక సమాచారం 21 రోజులలోగా రిజిస్ట్రారుకు అందాలి. ఆసుపత్రి కాన్పయితే ఆ బాధ్యత ఆసుపత్రిదే. మన ఇళ్లలో బిడ్డకు పేరు పెట్టేది చాలావరకు ఏడోనాటి అఖీఖాలో. ఈలోగానే వివరాలు వెళ్లిపోతే పేరు గడి ఖాళీగా మిగులుతుంది. దానికీ చట్టంలో దారి ఉంది. ఏడాదిలోగా చేర్పించుకుంటే రుసుము లేదు. ఆ తరువాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు గడువుంది. కానీ ఈ మాట తల్లిదండ్రులకు చెప్పేదెవరు?

చెప్పగల మనిషి లేకపోలేదు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు, మళ్లీ తొమ్మిదో నెల నిండాక టీకా వేసే ఏఎన్ఎం ఉంది. రుసుము లేని ఆ ఏడాదిలోనే ప్రభుత్వం నాలుగుసార్లు ఆ బిడ్డను చూస్తోందన్నమాట! కాని ఆమెది వైద్యారోగ్య శాఖ. అంగన్‌వాడీ కార్యకర్తది స్త్రీ, శిశు సంక్షేమ శాఖ. జనన రిజిస్టరు పట్నంలో మున్సిపాలిటీది, పల్లెలో పంచాయతీది. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు వేర్వేరు శాఖల వారిని ఒకే కప్పు కింద కూర్చోబెట్టాయి. మంచి పనే. అయినా కుర్చీలు పక్కపక్కన వేసినంత మాత్రాన రిజిస్టర్లు కలవవు. ఎవరి పై అధికారి వారికే ఉన్నాడు.

2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడి ప్రవేశం మొదలు ఓటరు జాబితా, ప్రభుత్వోద్యోగం దాకా పుట్టిన తేదీకి రుజువు ఆ పత్రమే. ఇక పేరు చేరినా ‘షేక్’ అన్న మాటను ఇంగ్లీషులో ఒక్కో కార్యాలయం ఒక్కో తీరున రాస్తుంది. బీసీ-ఇ ధ్రువపత్రానికి తహసీల్దారు కార్యాలయం మెట్లెక్కిన రోజున ఆ తేడాకు సంజాయిషీ చెప్పవలసింది రాసినవారు కాదు, కూలి పోగొట్టుకుని వచ్చిన తండ్రి.

దీనికి కొత్త చట్టం అక్కరలేదు. మొదటి టీకానాడే ఏఎన్ఎం ఒక చిన్న పత్రం మీద బిడ్డ పేరు తల్లిదండ్రుల చేత రాయించి, సంతకం తీసుకుని, రిజిస్ట్రారుకు పంపితే చాలు. అందుకు కావలసింది రెండు శాఖలు కలిసి ఇచ్చే ఒక్క ఉత్తరువు. మసీదు కమిటీలు కూడా అఖీఖా నాడే పేరు అక్షరక్రమం స్థిరపరచుకోమని చెప్పవచ్చు.

మన కౌన్సిలర్లు రోడ్ల గురించి, కాలువల గురించి అడుగుతూనే ఉన్నారు. వచ్చే సమావేశంలో మరొక ప్రశ్న కూడా వేయమని వారిని కోరుదాం: మా వార్డు జనన రిజిస్టరులో గత అయిదేళ్లలో పేరు లేకుండా మిగిలిన బిడ్డలు ఎందరు?