ఇంటి నెత్తురు సంగతి అడగండి

హాస్టల్లో చేరేటప్పుడు మేము కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఇచ్చాం. మా ఇళ్ళలో ఎవరికైనా చిన్న వయసులోనే కాలి సిరలో రక్తం గడ్డకట్టిందా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడగాలని మా అభిప్రాయం.

దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టాలి, పని అయ్యాక ఆగాలి. ఆ ఆపే పని చేసేవి ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్, యాంటీథ్రాంబిన్. వాటి జన్యువుల్లో లోపం తల్లి నుంచైనా, తండ్రి నుంచైనా బిడ్డకు రావచ్చు. మేనరికాల్లో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. ప్రోటీన్ సి లోపం ఇద్దరి నుంచీ వస్తే పసికందు ప్రాణానికే ముప్పు. 1994లో నెదర్లాండ్స్‌లో గుర్తించిన ‘ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్’ అనే లోపం యూరప్‌లో ఎక్కువ, మన దేశంలో తక్కువ.

లోపం ఉన్న వాళ్ళందరికీ జబ్బు రాదు. దానికి ఆపరేషన్, కాన్పు, రోజుల తరబడి మంచాన పడటం, కొన్ని హార్మోన్ మాత్రలు తోడైతే ప్రమాదం పెరుగుతుంది. పోలేరమ్మ జాతరకనీ, తిరుమలకనీ నెలసరి వాయిదా మాత్రలు వేసుకునే అక్కచెల్లెళ్ళారా! మందుల షాపుకు పోయే ముందు డాక్టరుకు మీ ఇంటి సంగతి చెప్పండి.

ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడితే మర్దనా చేయకుండా ఆసుపత్రికి పోవాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి. బాలింత చనిపోతే దిష్టి అని సరిపెట్టుకునే రోజులు పోవాలి.

ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వాతాతల్ని అడుగుదాం. హెల్త్ కార్డులో ఈ ఒక్క ప్రశ్న చేర్చమని వార్డెన్ గారిని కోరుతున్నాం. పూర్వ విద్యార్థులైన అన్నలూ అక్కలూ మా మాటకు తోడు నిలవాలి.