స్టిక్ లాగితే విమానం పైకి పోతుందా?

పైలట్ స్టిక్ వెనక్కి లాగితే ఏమవుతుంది? మన క్లాసులో ఎవర్ని అడిగినా "విమానం పైకి పోతుంది" అంటారు. నా లెక్కలో ఇది సగం జవాబే. మిగతా సగం చెప్పకుండా కంట్రోల్ సిస్టమ్స్ సిలబస్ అయిపోయింది అనుకోవడం నాకు నచ్చదు.

స్టిక్ లాగగానే తోక మీది ఎలివేటర్ పైకి లేస్తుంది. గాలి తోకని కిందికి నొక్కుతుంది, ముక్కు పైకి లేస్తుంది. రెక్కలు గాలిని ఎదుర్కొనే కోణం పెరిగి, వాటి లిఫ్ట్ పెరగడానికి కొంచెం టైం పడుతుంది. ఆలోపు తోక మీది ఆ నొక్కుడు వల్ల విమానం ఒక్క క్షణం కిందికే దిగుతుంది! రైట్ హాఫ్ ప్లేన్ జీరో ఉంటే రెస్పాన్స్ ముందు ఉల్టా పోతుందని బట్టీ పట్టాం కదా, అది ఇదే.

2001 జనవరి 4న బెంగళూరులో మొదటిసారి ఎగిరిన మన తేజస్‌కి వెనక తోక రెక్కే లేదు. ఆ పని రెక్కల అంచునున్న ఎలివాన్లే చేస్తాయి. పైగా చురుగ్గా తిరగడం కోసం దాన్ని కావాలనే నిలకడ తక్కువగా కట్టారు. బరంపురంలో పుట్టిన కోట హరినారాయణ గారు నడిపిన ప్రాజెక్ట్ అది. అందులో పైలట్ కోరిక మాత్రమే చెప్తాడు, ఎలివాన్లని ఎంత కదపాలో కంప్యూటర్ లెక్కేస్తుంది.

ఇదంతా పరీక్షకి రాదు కదా అంటారు మా వాళ్లు. 2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 సంగతి చూడండి. మంచుతో వేగం కొలిచే గొట్టాలు మూసుకుపోయి ఆటోపైలట్ ఆగిపోయింది. కో-పైలట్ స్టిక్ వెనక్కి లాగుతూనే ఉన్నాడు. స్టాల్ హెచ్చరిక మోగుతూనే ఉంది. ముక్కు పైకే ఉంది, విమానం మాత్రం సముద్రంలోకి పడిపోతోంది. కోణం హద్దు దాటాక ఇంకా లాగితే లిఫ్ట్ తగ్గుతుందే తప్ప పెరగదు. ముక్కు దించితేనే బయటపడేది. 228 మంది పోయారు.

మౌలాలిలో ఉండే మనకి హకీంపేట వైపు తిరిగే వాయుసేన శిక్షణ విమానాలు కొత్త కాదు. సార్లకి నా విన్నపం ఒక్కటే: ఆ జీరోని బోర్డు మీద పెట్టే ముందు ఒక్క విమానం బొమ్మ గీయండి. ముక్కు ఎటు చూస్తోందో, విమానం ఎటు పోతోందో రెండు బాణాలు వేయండి. ఆ రెండూ ఒకటి కాదని తెలిస్తే, ఫార్ములా మర్చిపోయినా పాఠం గుర్తుంటుంది.