కొండ మీద "ఫరవాలేదు" అనకండి

ధరలు కొండెక్కాయంటాం. దేవుడి దగ్గర దీపం కొండెక్కిందంటాం. అన్నీ కొండెక్కుతూనే ఉంటాయి గానీ మనం మాత్రం ఎక్కం. ఎక్కినా మొక్కు ఉంటేనే! పిల్లాడి ఉద్యోగానికో, అమ్మాయి పెళ్ళికో, ఆయన ఆపరేషను బాగా జరిగినందుకో అలిపిరి నుంచి 3,550 మెట్లూ గోవింద నామం చెప్పుకుంటూ ఎక్కేస్తాం. ఎవరి కోసమూ కాకుండా, కేవలం చూడ్డానికి, చూసింది ఫొటో తీసుకోవడానికి కొండెక్కిన వాళ్ళు మనలో ఎంతమంది చెప్పండి?

అలాంటి సరదా మనసులో ఉన్నవాళ్ళ కోసమే ఈ వారం కబుర్లు. ఇప్పుడు ఫొటోగ్రఫీ ట్రెక్కులని నడుపుతున్నారు. ఫొటోలు తీయడం నేర్పే ఒకాయన, దారి తెలిసిన ఆ ఊరి గైడు ఒకాయన కలిసి, చిన్న బృందాన్ని హిమాలయాల్లోకి నడిపించుకు వెళ్తారు. మామూలు ట్రెక్కులో పైకి చేరడం ముఖ్యం. ఇందులో దారే ముఖ్యం. ఒక పువ్వు దగ్గర పావుగంట ఆగుతారు. మబ్బు తొలగి శిఖరం కనిపించేదాకా రాతి మీద కూర్చుంటారు. ఆగి ఆగి వెళ్ళే నడక కాబట్టి, పరుగులు పెట్టలేని మనలాంటి వాళ్ళకి బాగా నప్పుతుంది.

"అదంతా వయసు పిల్లల పని" అంటారా? అయితే జోన్ మార్గరెట్ లెగ్ అనే ఇంగ్లండు ఆవిడ గురించి వినండి. మొక్కలు సేకరించడానికి 1939లో మన హిమాలయాల్లోని పూలలోయకి వచ్చింది. అప్పటికి ఆవిడకి 54 ఏళ్ళు. జులై 4న పూల కోసం రాళ్ళ మీద ఎక్కుతూ కాలు జారి పడి చనిపోయింది. ఆవిడ సమాధి ఇప్పటికీ ఆ లోయలోనే, పూల మధ్య ఉంది. ఆవిడ సంగతి ఎందుకు చెప్పానంటే, 54 ఏళ్ళు ఆవిడకి అడ్డం కాలేదు. కానీ కొండ ఎవరి పొరపాటునీ మన్నించదు. ఈ రెండూ గుర్తుంచుకుని మిగతాది చదవండి.

పూలలోయకి దారి

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఈ పూలలోయే మంచిది. ఉత్తరాఖండ్‌లో చమోలీ జిల్లాలో ఉంది. 1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగి వస్తున్న ఫ్రాంక్ స్మిత్ బృందం ఈ లోయలోకి వచ్చిపడింది. ఆయన 1937లో మళ్ళీ వచ్చి, మరుసటి ఏడాది దీని మీద పుస్తకమే రాశాడు. దాంతో లోకానికంతా తెలిసింది. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మీలో బదరీనాథ్ వెళ్ళొచ్చిన వాళ్ళుంటే ఈ లోయ పక్కనుంచే వెళ్ళారన్నమాట! రిషీకేశ్ నుంచి దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగల మీదుగా జోషీమఠ్ చేరడానికి ఒక రోజంతా పడుతుంది. అక్కడ పడుకుని, మర్నాడు గోవింద్‌ఘాట్ వెళ్ళాలి. బదరీనాథ్ బస్సు అక్కణ్ణుంచి ముందుకెళ్ళిపోతుంది. మనం దిగి, జీపులో నాలుగు కిలోమీటర్లు పుల్నా అనే ఊరికి వెళ్ళి నడక మొదలెడతాం. పుల్నా నుంచి ఘాంఘరియాకి సుమారు 10 కిలోమీటర్లు, అంతా ఎక్కుడే. నడవలేని వాళ్ళకి కంచర గాడిదలుంటాయి. ఘాంఘరియాలోనే బస.

మర్నాడు పొద్దున్నే అటవీశాఖ చెక్‌పోస్టులో రుసుము కట్టి, చీటీ తీసుకుని లోయలోకి వెళ్ళాలి. లోయలోకి కంచర గాడిదల్ని రానివ్వరు. లోపల కొట్లు లేవు, రాత్రి ఉండనివ్వరు. తిండి, నీళ్ళు మనమే మోసుకెళ్ళి, చీకటి పడకముందే తిరిగి రావాలి. ఇంకో రోజు ఓపిక ఉంటే హేమకుండ్. సిక్కుల పుణ్యక్షేత్రం అది, చెరువు ఒడ్డున గురుద్వారా, పక్కనే లక్ష్మణుడి గుడి. ఘాంఘరియా నుంచి సుమారు ఆరు కిలోమీటర్లే గానీ నిటారుగా ఎక్కాలి. పైకి చేరాక గురుద్వారాలో పెట్టే వేడి కిచిడీ, టీ ఆ చలిలో అమృతంలా ఉంటాయి.

లోయ జూన్ నుంచి అక్టోబరు దాకా తెరిచి ఉంటుంది. పూలు విరగబూసేది జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు. అదే వానాకాలం! కొండచరియలు విరిగిపడి రోడ్డు ఒకటి రెండు రోజులు ఆగిపోవడం అక్కడ మామూలే. 2013 జూన్ వరదల్లో ఈ దారంతా ఛిన్నాభిన్నమైంది. అందుకే తిరుగు రైలుకో విమానానికో టికెట్టు కొనేటప్పుడు రెండు రోజులు అదనంగా పెట్టుకోండి.

ఫొటోలు బాగా రావాలంటే

పెద్ద కెమెరా లేదని ఆగిపోకండి. చేతిలో ఉన్న ఫోనే చాలు. ముగ్గు వేసేటప్పుడు ఖాళీ జాగా ఎక్కడ వదలాలో మీకెవరూ నేర్పలేదు కదా! ఆ కన్నే ఇక్కడ కావలసింది. ముందు దగ్గరగా ఒక పూలగుత్తి, మధ్యలో పుష్పావతి నది, వెనక మంచుకొండ, ఇలా మూడు వరసలుంటే ఫొటోకి లోతు వస్తుంది. ఎవరైనా మనిషిని దూరంగా నిలబెడితే ఆ కొండ ఎంత పెద్దదో తెలుస్తుంది.

మబ్బు పట్టిందని నిరాశ పడొద్దు. పూల రంగు ఎండలో కంటే మబ్బు వెలుగులోనే నిండుగా వస్తుంది. శిఖరాలకి మాత్రం తెల్లవారుజాము, సాయంత్రం వెలుగు కావాలి. మంచు, తెల్ల మేఘాలు ఎక్కువగా ఉంటే కెమెరా మోసపోయి ఫొటోని బూడిదరంగు చేస్తుంది. అప్పుడు వెలుగు కాస్త పెంచి తీయండి. చలికి బ్యాటరీ త్వరగా అయిపోతుంది, కోటు లోపలి జేబులో పెట్టుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టే, బయటి చలిలోంచి వెచ్చటి గదిలోకి తెచ్చిన కెమెరాకీ చెమట పడుతుంది. బయటే ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి లోపలికి తెచ్చి, కాసేపయ్యాక తీయండి.

నీలి గసగసాల పువ్వు, బ్రహ్మకమలం కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. బ్రహ్మకమలం హేమకుండ్ దారిలో పై ఎత్తున ఎక్కువగా పూస్తుంది. దేవుడి పటానికి ఒక్కటి తీసుకెళ్దామని చెయ్యి చాచకండి. కోయకూడదు. బాట దిగి పూలల్లోకి కూడా నడవకూడదు. కోసి తెచ్చిన పువ్వు ఒక్కరోజులో వాడిపోతుంది. ఫొటో మీ ఇంట్లో ఎప్పటికీ ఉంటుంది.

ఇక అసలు సంగతి

మనకో అలవాటుంది. జ్వరం కాస్తున్నా, నడుం పట్టేసినా, ఎవరైనా "ఏమైంది?" అని అడిగితే "ఫరవాలేదు" అంటాం. నలుగురికీ వడ్డించాక గానీ కూర్చోం. ఇంట్లో ఆ మాట వల్ల రెండు రోజులు ఆలస్యంగా డాక్టరు దగ్గరికి వెళ్తామేమో! 10 వేల అడుగుల ఎత్తున అదే మాట ప్రాణం మీదకి తెస్తుంది.

ఎందుకంటారా? తిరుమల ఎత్తు 3 వేల అడుగుల దరిదాపు. మన ఆంధ్రాలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరాలే 5,500 అడుగుల చిల్లర. ఘాంఘరియా 10 వేల అడుగులు, హేమకుండ్ 14 వేల పైమాటే. ఘాంఘరియాలో మనం పీల్చే ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు మన ఊళ్ళో కంటే సుమారు 30 శాతం తక్కువ. హేమకుండ్‌లో 40 శాతం తక్కువ. ఈ తేడాకి ఒళ్ళు అలవాటు పడడానికి సమయం కావాలి. సమయం ఇవ్వకపోతే తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, కళ్ళు తిరగడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మౌంటెన్ సిక్‌నెస్ అనేది ఇదే. 8 వేల అడుగులు దాటాక ఎవరికైనా రావచ్చు. కుర్రాళ్ళకీ వస్తుంది, పహిల్వాన్లకీ వస్తుంది. మీ బలహీనత కాదు, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఈ లక్షణాలుంటే పాటించాల్సిన సూత్రం ఒకటే. ఇంకా పైకి వెళ్ళకూడదు. అక్కడే ఆగి విశ్రాంతి తీసుకోవాలి. తగ్గకపోయినా, ఎక్కువైనా వెంటనే కిందకి దిగాలి. నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా అది మెదడుకో ఊపిరితిత్తులకో నీరు పట్టిందనడానికి గుర్తు కావచ్చు. అర్ధరాత్రయినా సరే, తెల్లారనిద్దాం అనుకోకుండా దిగిపోవాల్సిందే. తలనొప్పి మాత్ర వేసుకుని, ఎవరికీ చెప్పకుండా పైకి నడవడం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి.

నోరు విప్పడానికి మనకి అడ్డొచ్చేవేమిటో నాకు తెలుసు. "ఇంత డబ్బు కట్టాం." "నా ఒక్కదాని కోసం అందరూ ఆగాలా?" "ఇంటికెళ్తే, నే చెప్పలా అంటారు." ఇవన్నీ పక్కన పెట్టండి. మీరు ఎలా ఉన్నారో తెలిస్తేనే గైడు తన పని తను చేయగలడు. రోజూ పొద్దున్నే నిద్ర పట్టిందా, తల నొప్పిగా ఉందా, తిన్నది ఒంట్లో నిలిచిందా అని మంచి గైడు తనే అడుగుతాడు. అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బృందం హేమకుండ్ వెళ్ళిన రోజు మీరు ఘాంఘరియాలో ఉండిపోతే పోయేదేమీ లేదు. కొండ వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది.

మన ఆడవాళ్ళకి ఇంకో మూడు మాటలు. ఒకటి, బాత్రూముకి ఇబ్బందని ప్రయాణాల్లో నీళ్ళు తాగడం మానేస్తాం. కొండ మీద అలా చేస్తే తలనొప్పి, నీరసం ఇంకా ఎక్కువవుతాయి. నీళ్ళు తాగండి, ఆగాలంటే "ఆగాలి" అని చెప్పండి. రెండు, రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తం తక్కువ. ప్రాణవాయువుని మోసేదే రక్తం కదా! అది తక్కువున్న మనిషి గాలి పలచగా ఉన్నచోట ఇంకెంత రొప్పుతుందో ఆలోచించండి. కాబట్టి రెండు నెలల ముందే హిమోగ్లోబిన్ చూపించుకోండి. బీపీ, షుగరు, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, ఎత్తుకి వేసుకునే మాత్రలు కావాలనుకునే వాళ్ళు డాక్టరుని అడగాలి. సల్ఫా మందులు పడని వాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి. మూడు, నెలసరి వాయిదా మాత్రలు సొంతంగా మింగొద్దు. ప్యాడ్లు తీసుకెళ్ళండి, వాడినవి కాగితంలో చుట్టి, కవర్లో పెట్టి కిందకి తెచ్చేయండి.

డబ్బు కట్టేముందు అడగండి

బృందంలో ఎంతమంది? ఆడవాళ్ళెందరు? స్థానిక గైడు ఉన్నాడా? ప్రథమ చికిత్స నేర్చుకున్నాడా? ఆక్సిజన్ సిలిండరు దగ్గర ఉంటుందా? రాత్రిపూట ఎవరికైనా బాగాలేకపోతే ఎలా దింపుతారు? గదికి బాత్రూము ఉందా? దారి మూసుకుపోతే డబ్బు ఎంత వెనక్కిస్తారు? "అవన్నీ మేం చూసుకుంటాం లెండి" అని కొట్టిపారేసే వాళ్ళకి దండం పెట్టి వచ్చేయండి.

రెండు నెలల ముందు నుంచి రోజూ గంట నడవండి. మేడమెట్లు ఎక్కి దిగండి. కొత్త బూట్లు ఇంటి దగ్గరే అలవాటు చేసుకోండి, కొండ మీద కొత్త బూట్లు కాళ్ళని కొరుకుతాయి. వానకోటు, ఉన్ని స్వెట్టరు, రెండు జతల మేజోళ్ళు అదనంగా ఉండాలి. అక్కడ పరాఠా, పప్పు, రాజ్మా అన్నం దొరుకుతాయి. ఆకలి మందగించే చోటు కాబట్టి కొంచెం కొంచెంగా తినడానికి పల్లీచిక్కీ, సున్నుండలు, ఖర్జూరాలు పెట్టుకోండి. ఆవకాయ సీసా సంగతి నేను గుర్తు చెయ్యక్కర్లేదనుకుంటాను!

ఇక ఇల్లంటారా? ఎనిమిది తొమ్మిది రోజులకి ఇల్లు ఎక్కడికీ పోదు. పాలవాడి లెక్క, గ్యాసు నంబరు, అత్తగారి మాత్రల వేళలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి వెళ్ళండి. అన్నం వండడం అందరికీ వస్తుంది, ఎప్పుడూ వండాల్సిన అవసరం రాలేదంతే.

మరొక్క మాట. మన ఇళ్ళలో ఆల్బం తిరగేస్తే అమ్మ ఫొటోలు తక్కువ. ఎప్పుడూ పిల్లల్ని నిలబెట్టి, జుట్టు సర్ది, పక్కకి తప్పుకునేది మనమే. పూలలోయలో కనీసం ఒక్కసారి కెమెరా గైడు చేతికిచ్చి, మీరు వెళ్ళి కొండ ముందు నిలబడండి. వెళ్ళొచ్చాక ఆ ఫొటో హాల్లో పెట్టండి.