తప్పు లెడ్‌ది కాదు

సైన్సు గదిలో మనమంతా కలిసి చేసిన ఎమర్జెన్సీ లైటు మూడు రోజులే వెలిగింది. నాలుగో రోజు స్టడీ అవర్లో కరెంటు పోయింది, దాంతోపాటే అదీ ఆరిపోయింది. బోర్డు తిప్పి చూస్తే బ్యాటరీ వైరు దగ్గర లెడ్ చుక్క పూసలా గుండ్రంగా కూర్చుని ఉంది. వేలితో కదిపితే ఊడి చేతిలోకి వచ్చేసింది. "లెడ్ డూప్లికేటు" అన్నారు అందరూ. ఇంకోసారి గట్టిగా కాల్చి అతికిద్దామని చూస్తే బోర్డు మీది రాగి గీతే లేచిపోయింది. ఒక తమ్ముడి వేలు కూడా కాలింది. ఇంకేముంది, సోల్డరింగ్ ఐరన్ బీరువాలోకి వెళ్ళింది, తాళం పడింది.

నా అభిప్రాయం ఒకటే. తప్పు లెడ్‌దీ కాదు, ఐరన్‌దీ కాదు. మనదే.

మా ఊరి సంతలో ఒకసారి కళాయి వేసే తాతని చూశాను. ఇత్తడి గిన్నెని ముందు శుభ్రంగా తోమాడు. నిప్పుల మీద గిన్నెనే వేడి చేశాడు. నవాసారం చల్లి, తగరం ముక్క తాకించి గుడ్డతో తుడిస్తే లోపలంతా వెండిలా పరుచుకుంది. తగరాన్ని విడిగా కరిగించి చల్లటి గిన్నెలో పోయలేదు. మనం చేసింది అచ్చం అదే! బిట్ మీద లెడ్ కరిగించి, తీసుకెళ్ళి చల్లటి రాగి మీద పెట్టాం.

మన లెడ్‌లో తగరం 60 పాళ్ళు, సీసం 40 పాళ్ళు. 190 డిగ్రీలకే పూర్తిగా కరిగిపోతుంది. కరగడం తేలికే గానీ, అంటుకోవాలంటే కింద రాగి, పైన కాలు రెండూ అంత వేడెక్కాలి. బిట్‌ని రెండింటికీ ఒకేసారి ఆనించి, ఒకటి రెండు సెకన్లు ఆగి, లెడ్‌ని అవతలి వైపు నుంచి తాకిస్తే దానంతటదే పారుతుంది. ఇంకో సంగతి. లెడ్ తీగ లోపల సన్నగా ఫ్లక్స్ ఉంటుంది. రాగి మీది చిలుము తీసేది అదే. బిట్ మీదే కరిగిస్తే అది పొగైపోతుంది, చిలుము అలాగే ఉంటుంది. అలాగని నవాసారం, చింతపండు బోర్డుకి రుద్దకండి. రాగిని తినేస్తాయి.

సాయంత్రం పూట మన వోల్టేజి సంగతి మీకు తెలుసు. 230 ఉండాల్సింది 180కి పడితే 25 వాట్ల ఐరన్ 15 వాట్ల పనే చేస్తుంది. వెడల్పు రాగి పట్టీ ఉన్నచోట ఆ కాస్త వేడీ పక్కకి పాకిపోతుంది. మనం అతికించింది రాత్రి ఏడింటికి!

పెద్ద తరగతుల వాళ్ళకి ఒక మాట, నాకూ కలిపి. బిట్ నల్లబడితే ఉప్పుకాగితంతో రుద్దడం మానాలి. ఉత్త రాగి బిట్ అయితే ఆకురాయి పెట్టొచ్చు. మనది ఇనప పూత ఉన్న బిట్. పూత పోతే లోపలి రాగి గుంటలు పడుతుంది, ఆ తర్వాత లెడ్ దాన్ని సరిగా పట్టుకోదు. తడి స్పాంజికి తుడిచి, ఆపేముందు కొంచెం లెడ్ పూసి ఉంచితే చాలు. పోయినసారి రుద్దింది నేనే, ఒప్పుకుంటున్నాను.

వార్డెన్ సార్‌కి మనవి. మీ భయం న్యాయమే. వేలు కాలింది నిజం. కానీ పరీక్షలు దగ్గరికొస్తున్నాయి, పదో తరగతి వాళ్ళు కొవ్వొత్తులతో చదువుతున్నారు. ఆదివారం పొద్దున ఒక గంట, సైన్సు సార్ ఎదురుగా ఐరన్ ఇప్పించండి. ఒక స్పాంజి ముక్క, చిన్న డబ్బా ఫ్లక్స్ కావాలి. కిటికీలు తీసి పెట్టుకుంటాం, సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కునే అన్నానికి వస్తాం. నా పెట్టెలో పాడైన రేడియో బోర్డు ఒకటుంది. ముందు దాని మీద నేర్చుకుంటాం. అతుకులు నున్నగా, మెరుస్తూ వచ్చాయని సైన్సు సార్ అన్నాకే లైటు బోర్డు ముట్టుకుంటాం.